మూసా బూసీ అడుగుజాడలు: శ్రీకాకుళం – విజయనగరం – బొబ్బిలి చరిత్రనడకకు ఒక ప్రతిపాదన

వ్యాససంగ్రహం:
పద్దెనిమిదవ శతాబ్ది మధ్యభాగంలో ఉత్తరాంధ్రకు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీని తెలుగు కథాగాయకులు ‘మూసా బూసీ’ అన్నారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ద్వారా అతడు తెలుగువారి స్మృతిలో నిలిచాడు. ఆ స్మృతి ఒక్క గ్రంథంలో లేదు. మసీదు, కోట, అమ్మవారి గుడి, చెరువు, స్మారకస్తంభం వంటి స్థలాలలో అది ముక్కలుగా పంచుకుని ఉంది. ఆ స్థలాలను వరుసగా నడిచి చూపే ‘చరిత్రనడక’ను తెలుగు, చరిత్ర శాఖలు బోధనపద్ధతిగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అటువంటి నడకలో మార్గదర్శి ఏ ఆధారాన్ని ఏ స్థలంలో ఎలా వినియోగించాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: బుస్సీ, బొబ్బిలి యుద్ధం, శ్రీకాకుళం సర్కారు, పైడితల్లి, మౌఖికచరిత్ర, దుబాసి, చరిత్రనడక.

1. ఉపోద్ఘాతం

పరదేశి ఒకడు ఒక ప్రాంతానికి వచ్చినప్పుడు అతడు ఆ ప్రాంతాన్ని గురించి ఏమి రాశాడన్నది చరిత్రకారులు తరచుగా వేసే ప్రశ్న. ఆ ప్రాంతం అతణ్ణి ఏ పేరుతో పిలిచింది, ఎక్కడ గుర్తుపెట్టుకుంది, ఎక్కడ మరిచిపోయింది అన్న ప్రశ్న అంత తరచుగా వినిపించదు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం దఫ్తరాలలో కంటె వీథులలో ఎక్కువగా దొరుకుతుంది.

జపానులో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1600లో ‘లీఫ్దె’ అనే డచ్చి ఓడలో క్యూషూ తీరం చేరిన ఇంగ్లీషు నావికుడు విలియం ఆడమ్స్ తొకుగవ ఇయెయసు కొలువులో సలహాదారుగా స్థిరపడి, 1620లో హిరదొలో మరణించాడు. జపనీయులు అతణ్ణి ‘మియుర అంజిన్’ అన్నారు. మియుర అతనికి భూమి దక్కిన ద్వీపకల్పం పేరు. అంజిన్ అంటే ఓడకు దారి చూపేవాడు. అంటే ఊరిపేరూ వృత్తిపేరూ కలిసి మనిషిపేరు అయ్యాయి. ఆ పేరు నేటికీ యొకొసుకలో ఒక రైల్వేస్టేషనుకూ ఇతొ పట్టణంలో ఒక ఉత్సవానికీ నిలిచి ఉంది. అక్కడ అతని పేరుతో ఒక దారి నడవవచ్చు.

ఉత్తరాంధ్రలో అటువంటి దారి గీయగలిగిన తొలితరం ఐరోపావాసి బుస్సీ. అయితే పోలికతోపాటు భేదాన్ని కూడా ముందే చెప్పుకోవాలి. ఆడమ్స్ బలమైన రాజ్యంలో ఒంటరి మనిషిగా ప్రవేశించి, ఆ భాష నేర్చి, ఆ సమాజంలో ఒదిగిపోయాడు. బుస్సీ ఫిరంగులతో, సిపాయిలతో, శిస్తు వసూలు హక్కుతో వచ్చాడు. కాబట్టి అతని అడుగుజాడలను అనుసరించే నడక వేడుకగా సాగరాదు, విచారణగా సాగాలి.

2. పేరులోని చరిత్ర

ఫ్రెంచివారు గౌరవార్థంలో వాడే ‘మొస్యూ’ అన్న సంబోధన తెలుగు నోట ‘మూసా’, ‘మూసే’ అయింది. ‘బుస్సీ’లోని మొదటి అచ్చు ఫ్రెంచి ఉచ్చారణలో పెదవులు గుండ్రంగా చేసి పలికే ఒక ప్రత్యేకధ్వని. అది తెలుగులో లేదు. దానికి దగ్గరగా ఉన్న దీర్ఘ ఊకారాన్ని చేర్చి ‘బూసీ’ అన్నారు. బొబ్బిలి కథను పాడినవారికి ఇది బిరుదుతో కూడిన పేరన్న స్పృహ అక్కరలేదు. మూసా బూసీ పాత్రగా ప్రవేశించాడు, పాత్రగానే నిలిచాడు. హైదరాబాదులో 1798లో మరణించిన మరొక ఫ్రెంచి సేనాని రేమండ్ విషయంలో కూడా ఇదే జరిగింది. అతడు జనవ్యవహారంలో ‘మూసా’ శబ్దంతోనే మిగిలాడు. మూసారాంబాగ్ అన్న పేటపేరు ఆ స్మృతికి చిహ్నం.

ఆనాటి తెలుగు ఐరోపావారినందరినీ ఒకే మూసలో పోయలేదు. పోర్చుగీసువారు బుడతకీచులు, డచ్చివారు వలందులు లేదా ఒలాందులు, ఫ్రెంచివారు పరాసులు. ఈ పదాలు ఎవరెవరో వేరుచేసి గుర్తించిన వ్యవహారానికి సాక్ష్యాలు. ‘తెల్లదొరలు’ అన్న ఒక్క మాటతో వారందరినీ కలిపివేయడం తరవాతి కాలపు అలవాటు. నడకలో మార్గదర్శి తొలుతనే ఈ పదాలను విద్యార్థులకు పరిచయం చేస్తే, వలసపాలన గురించి వారికున్న ఏకరూపమైన ఊహ కొంత సడలుతుంది.

3. మొదటి మజిలీ: శ్రీకాకుళం జామియా మసీదు

నడకను బొబ్బిలి కోట దగ్గర మొదలుపెట్టడం సహజంగా తోస్తుంది. కాని అలా చేస్తే కథ రెండు వంశాల పగగానూ, ఒక పరాయి సేనాని దురాగతంగానూ మాత్రమే కనిపిస్తుంది. ఆ పగకు వెనుక ఉన్న పాలనావ్యవస్థ కనిపించాలంటే శ్రీకాకుళంలోనే మొదలుపెట్టాలి.

నాగావళి ఒడ్డున ఉన్న ఈ పట్టణం గోలకొండ పాలనలో ఫౌజుదారు ముఖ్యస్థానం. ఇక్కడి జామియా మసీదును ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. విజయనగరం పూసపాటివారి పూర్వులూ, బొబ్బిలి వెలమదొరల పూర్వులూ ఇతని వెంటనే 1652 ప్రాంతంలో ఈ సీమకు వచ్చారని జిల్లా గ్రంథాలు నమోదు చేశాయి. బొబ్బిలి పేరు గురించిన ఐతిహ్యం కూడా ఇతనితోనే ముడిపడి ఉంది. ‘షేర్’ అంటే పులి. తమ ప్రభువు పేరు మీద కొత్త ఊరికి ‘పెబ్బులి’ అని పేరు పెట్టారనీ, అదే బొబ్బిలి అయిందనీ చెబుతారు. ఐతిహ్యం శబ్దశాస్త్రానికి నిలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. మనకు ముఖ్యమైనది ఇందులోని భావన: ఒక పరాయి పేరును అర్థానువాదంతో సొంతం చేసుకున్నామని ఆ సీమ చెప్పుకుంటున్నది. వంద సంవత్సరాల తరవాత వచ్చిన మరొక పరాయి పేరును అదే సీమ అనువదించలేదు. ధ్వనిని మాత్రం పట్టుకుంది. ‘షేర్’ పెబ్బులి అయ్యాడు, ‘మొస్యూ’ మూసాగానే ఉండిపోయాడు.

1753 చివర నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచి సైన్యపు జీతభత్యాల నిమిత్తం బుస్సీకి ఇచ్చాడు. బుస్సీ ఈ ప్రాంతానికి రావడానికి మూలకారణం ఇదే. సైన్యానికి జీతం ఇవ్వాలి. జీతానికి శిస్తు కావాలి. శిస్తుకు స్థానిక జమీందారు సహకారం కావాలి. ఈ గొలుసును మసీదు ఆవరణలో నిలబడి వివరించిన తరవాతనే విజయనగరం వైపు కదలాలి.

4. రెండవ మజిలీ: విజయనగరం కోట

కుమిలి నుండి రాజధానిని మార్చుకున్న పూసపాటివారు 1713లో ఈ కోటను ప్రారంభించారు. విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం మొదలైన ఐదు విజయచిహ్నాలు కలిసివచ్చిన ముహూర్తమని స్థానికులు చెప్పుకుంటారు. చతురస్రాకారమైన ఈ రాతికోట బురుజులను చూపుతూ మార్గదర్శి వివరించవలసింది పెద విజయరామరాజు రాజకీయ స్థితిని.

బుస్సీకి స్థిరమైన ఆదాయం కావాలి. విజయరామరాజుకు సర్కారులో అగ్రస్థానం కావాలి. ఫ్రెంచివారి నుండి గుత్త పొందిన ఈ రాజు 1756 చివర బుస్సీ రాజమహేంద్రవరం చేరినప్పుడు తన బలగంతో వెళ్ళి కలిశాడు. బొబ్బిలివారితో విజయనగరానికి సరిహద్దు తగాదాలు, నీటి తగాదాలు అప్పటికే ఉన్నాయి. బొబ్బిలి ప్రభువు రంగారావును అక్కడినుండి తొలగించి, బదులుగా వేరేచోట భూములు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. శిస్తులెక్కలో ఇది నష్టంలేని మార్పిడి. రంగారావు దృష్టిలో కోట విడిచి పొమ్మనడం అవమానం. ఒకే ప్రతిపాదన రెండు విలువల వ్యవస్థలలో రెండు అర్థాలు ఇచ్చింది. యుద్ధకారణాలను చర్చించేటప్పుడు పగ, అహంకారం అన్న మాటలతో సరిపెట్టుకోకుండా ఈ అర్థభేదాన్ని విద్యార్థుల ముందు ఉంచాలి.

ఇక్కడనే దుబాసి ప్రస్తావన కూడా అవసరం. బుస్సీ వ్యవహారాలు ప్రధానంగా అతని దివాను హైదర్ జంగ్ చేతిమీదుగా సాగాయి. తెలుగు కథనాలలో హైదరుజంగు లంచం తిని బొబ్బిలికి కీడు చేసిన దుష్టపాత్ర. మధ్యవర్తి మీద నేరం మోపితే ప్రభువులిద్దరూ కొంత తేలికపడతారు. కథాకల్పనకు ఇది అనుకూలం. అయినా ఈ పాత్రచిత్రణలో ఒక చారిత్రక సత్యం ఉంది. స్థానిక భాష రాని అధికారి చేతిలో ఎంత ఫిరంగిబలం ఉన్నా, అతనికి తెలిసే లోకం మధ్యవర్తి చెప్పినంత మేరకే ఉంటుంది. ఆడమ్స్ తానే దుబాసి అయ్యాడు. బుస్సీ దుబాసి మీద ఆధారపడ్డాడు. ఇద్దరి జీవితాలూ వేరుగా పరిణమించడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

5. మూడవ మజిలీ: మూడు లాంతర్ల నుండి వనంగుడి వరకు

కోట నుండి గంటస్తంభం మీదుగా మూడు లాంతర్ల కూడలికి వస్తే పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఎదురవుతుంది. గంటస్తంభం 1885 నాటిది. బుస్సీ కాలానికి సంబంధించినది కాదు. నడకలో కాలాలు కలిసిపోయే ప్రమాదం ఇటువంటి చోటనే ఎక్కువ. కాబట్టి మార్గదర్శి ప్రతి కట్టడానికీ దాని కాలాన్ని స్పష్టంగా చెప్పాలి.

స్థలపురాణం ప్రకారం పైడితల్లి విజయరామరాజు చెల్లెలు. బొబ్బిలి మీదికి యుద్ధం వద్దని అన్నను వారించింది. అన్నకు రానున్న అపాయాన్ని గ్రహించి హెచ్చరించాలని బయలుదేరింది. ఈలోగానే మరణవార్త విని ప్రాణం విడిచి దేవత అయింది. అదే 1757 విజయదశమినాడు పతివాడ అప్పలస్వామినాయుడు పెద్దచెరువు నుండి ఆమె విగ్రహాన్ని వెలికితీశాడని చెబుతారు. రైల్వేస్టేషను సమీపంలోని వనంగుడి, ఊరినడుమ చదురుగుడి ఆమె రెండు స్థానాలు. విజయదశమి తరవాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో పొడవైన మాను చివర పూజారి కూర్చుండగా, ఆ మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది.

ఈ ఉత్సవాన్ని చరిత్రవిద్యార్థి ఎలా చదవాలి? పైడితల్లి కథను ప్రమాణాలతో ధ్రువపరచడమో తోసిపుచ్చడమో మాత్రమే లక్ష్యమైతే ప్రయోజనం తక్కువ. గెలిచిన పక్షపు రాజధానిలో ఏటేటా జరిగే అతిపెద్ద పండుగ ఆ గెలుపును కీర్తించడంలేదు. ఆ యుద్ధం వద్దన్న ఆడకూతురిని పూజిస్తున్నది. సిరిమాను కోట ముందుకు వచ్చి నిలిచినప్పుడు, వినని అన్న ఇంటిముందు చెల్లెలు వచ్చి నిలిచినట్లే ఉంటుంది. విజయనగరం తన రాజు చేసిన పనిని గ్రంథంలో విమర్శించలేదేమో గాని, భక్తిలో విమర్శించింది. ఈ కథలో మూసా బూసీకి దక్కింది నేపథ్యం మాత్రమే. ఊరి దృష్టిలో ప్రశ్న అన్నాచెల్లెళ్ళది, ధర్మానిది, ఫ్రెంచివాడిది కాదు.

6. నాలుగవ మజిలీ: బొబ్బిలి

విజయనగరం నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని బొబ్బిలిలో సందర్శకులకు ముందుగా కనబడే కోట యుద్ధకాలపుది కాదు. అది తరవాత కట్టినది. పాతకోట ఉన్నచోట 1891లో బొబ్బిలి మహారాజు నిలబెట్టించిన స్మారకస్తంభం ఉంది. నడకలో అత్యంత సంయమనం కావలసిన స్థలం ఇదే.

1757 జనవరి 24న ఏమి జరిగిందో తెలిపే ఆధారాలు ప్రధానంగా మూడు తీరులవి. మొదటిది రాబర్ట్ ఆర్మ్ ఆంగ్లచరిత్ర. ఈ యుద్ధవృత్తాంతం ఉన్న సంపుటం 1778లో వెలువడింది. ఆర్మ్ ప్రత్యక్షసాక్షి కాదు, పైగా ఫ్రెంచివారికి ప్రత్యర్థి అయిన కంపెనీ పక్షం వాడు. రెండవది దిట్టకవి నారాయణకవి రచించిన ‘రంగరాయచరిత్రము’. ఇది పద్దెనిమిదవ శతాబ్ది చివరి కాలపు ప్రబంధం. బొబ్బిలి వంశప్రతిష్ఠకు అంకితమైనది. మూడవది జంగంకథగా ప్రచారంలో ఉన్న బొబ్బిలి కథ; ఇది పెద్దాడ మల్లేశం పేరుతో ప్రసిద్ధం. మల్లంపల్లి సోమశేఖరశర్మ ఈ కథను పరిష్కరించి విద్వల్లోకానికి అందించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో కలిసి వెలువరించిన గ్రంథం ఈ కథనాలను దక్షిణభారత చరిత్రరచనారీతులకు నిదర్శనాలుగా పరిశీలించి, వీటి చర్చను కొత్త దారి పట్టించింది.

ఈ మూడూ కలిసే అంశాలు కొన్ని ఉన్నాయి. ఫిరంగులు కోటను కొట్టాయి. ఓటమి తప్పదని తెలిసినప్పుడు లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపి, ఇళ్ళకు నిప్పుపెట్టారు. రంగారావు పోరాడి మరణించాడు. అతని కుమారుడు బతికి బయటపడ్డాడు. కొద్దిరోజులలోనే విజయరామరాజు తన గుడారంలో హత్యకు గురయ్యాడు. ఆ హత్య చేసినది రాజాం ఏలిక తాండ్ర పాపారాయుడని తెలుగు సంప్రదాయం.

కలవని అంశాలు అంతకంటె విలువైనవి. ఆర్మ్ కథనంలో కోటలోని స్త్రీలు ఒక సమూహం. తెలుగు కథనంలో మల్లమ్మకు పేరుంది, మాట ఉంది. ఆర్మ్ బుస్సీని శత్రుదేశపు సమర్థుడైన సేనానిగా చూశాడు. కోట లోపలి దృశ్యం చూసినవారి దిగ్భ్రాంతిని అతడు నమోదు చేశాడు. జంగంకథలో మూసా బూసీ మోసపోయిన బలవంతుడు. వీటిలో ఒక్కదాన్నే ఎన్నుకొని ‘ఇదే జరిగింది’ అని చెప్పే మార్గదర్శి శ్రోతలకు కథ ఇస్తాడు గాని, చరిత్ర ఇవ్వడు.

స్త్రీలు, పిల్లల మరణాన్ని వీరకార్యంగా మాత్రమే వర్ణించే అలవాటును ఇక్కడ పునఃపరిశీలించాలి. ఆ మరణాలలో ఎవరి సమ్మతి ఉంది, ఎవరిది లేదు అన్న ప్రశ్నకు ఏ ఆధారమూ సమాధానం ఇవ్వదు. కనీసం పిల్లల విషయంలో ఆ ప్రశ్నకు అవకాశమే లేదు. పౌరుషగాథను గౌరవిస్తూనే ఆ మౌనాన్ని గుర్తించడం అధ్యాపకుని బాధ్యత.

7. నడక ముగిసిన తరవాతి కథ

బొబ్బిలితో నడక ఆగిపోతే బుస్సీయే ఉత్తరాంధ్ర పరాధీనతకు కారకుడన్న భావన మిగులుతుంది. తరవాతి సంఘటనలు ఆ భావనను నిలువనివ్వవు. బుస్సీ 1757 జూన్‌లో విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తకస్థానాన్ని స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడు లాలీ అతణ్ణి కర్ణాటకానికి పిలిపించుకున్నాడు. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిని వెడలగొట్టడానికి ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పతనం ఫ్రెంచి ప్రాబల్యాన్ని అంతం చేశాయి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు అదే ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి మరణించాడు.

పొరుగువానిని అణచడానికి ఒక విదేశీయుణ్ణి, ఆ విదేశీయుణ్ణి పంపడానికి మరొక విదేశీయుణ్ణి పిలిచిన వరుస ముప్పై ఏడేళ్ళలో ఆ సంస్థానాన్నే మింగింది. బుస్సీ 1785లో పుదుచ్చేరిలో మరణించాడు. పద్మనాభ యుద్ధం నాటికి అతడు లేడు, అతని రాజ్యశక్తి లేదు. అతడు వచ్చి నిలిచిన ఖాళీ మాత్రం అలాగే ఉంది. ఆ ఖాళీ స్థానిక పాలకుల పరస్పర అపనమ్మకం. పద్మనాభాన్ని నడకలో చివరి మజిలీగా చేర్చాలని ప్రతిపాదించడానికి కారణం ఇదే.

8. బోధనకు కొన్ని సూచనలు

నేటి విద్యార్థికి బొబ్బిలి యుద్ధం తొలుత చేరేది 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ చలనచిత్రాల ద్వారా. వాటిని నిందించడం వలన ప్రయోజనం లేదు. అవి జంగంకథ వారసత్వంలో వచ్చిన మరొక పాఠాంతరం అన్న దృష్టితో తరగతిలో చర్చించవచ్చు.

నడకను నిర్వహించే అధ్యాపకులు మూడు నియమాలు పాటిస్తే మేలు. మొదటిది, ప్రతి వాక్యానికీ మూలం చెప్పడం: ఇది ఆర్మ్ రాసినది, ఇది కవి చెప్పినది, ఇది గుడిలో విన్నది. రెండవది, వంశాభిమానాన్ని ప్రేరేపించే ఉపన్యాసధోరణిని విడిచిపెట్టడం. ఇరుపక్షాల వారసత్వాన్ని తమదిగా భావించే విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చుంటున్నారు. వారిలో ఎవరూ 1757కు జవాబుదారులు కారు. మూడవది, ప్రతి మజిలీ దగ్గర ఒకరిద్దరు స్థానికులతో విద్యార్థుల చేత మాట్లాడించి, వారు వాడిన మాటలనే నమోదు చేయించడం. పరాసు, ఫౌజుదారు, గుత్త వంటి మాటలు ఇంకా ఎవరి నోట, ఏ అర్థంలో మిగిలాయో ఇలాంటి సేకరణ వల్లనే తెలుస్తుంది. పాటకుల తరం తరిగిపోతున్న దశలో ఇది వాయిదా వేయదగిన పని కాదు.

9. ముగింపు

మియుర అంజిన్ పేరు జపానులో ఒక స్టేషనుకు, ఒక ఉత్సవానికి నిలిచింది. మూసా బూసీ పేరుతో ఉత్తరాంధ్రలో ఉత్సవం లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. అతడు పాల్గొన్న యుద్ధం మిగిల్చిన ఉత్సవం ఆ యుద్ధాన్ని వారించిన స్త్రీది. ఒక సీమ పరదేశిని గుర్తుపెట్టుకునే తీరులో తన్ను తాను ఎలా చూసుకుంటుందో తెలుస్తుంది. జపాను అతిథిని తనవాడిగా చేసుకుని గుర్తుపెట్టుకుంది. ఉత్తరాంధ్ర పరదేశిని పాటలో ఒక పాత్రగా ఉంచి, తప్పొప్పుల విచారణను తన ఇంటిలోనే, అన్నాచెల్లెళ్ళ మధ్యనే జరుపుకుంది. శ్రీకాకుళం మసీదు నుండి పద్మనాభం వరకు సాగే నడక ఈ విచారణను తరగతిగదికి తెస్తుంది. 1757కు బాధ్యుడు బుస్సీ ఒక్కడేనా అన్న ప్రశ్నను విద్యార్థులు ఆ స్థలాలలోనే నిలబడి వేసుకోగలిగితే ఆ నడక సార్థకమైనట్లే.